‘కనబడలేదు’ వేరు, ‘లేదు’ వేరు

సాహిత్య విమర్శలో మనం ధారాళంగా వాడే మాట ‘లేదు’ అన్నది. ఫలానా కవిలో సామాజిక స్పృహ లేదు. ఫలానా కథలో జీవితం లేదు. ఫలానా కాలపు సాహిత్యంలో శ్రమజీవి గొంతు లేదు. ఈ తీర్పుల్లో చాలా భాగం నిజమే కావచ్చు. అయితే ఆ మాట అనడానికి ముందు ఎక్కడ వెతికాం, దేనితో వెతికాం, మన చేతిలోని సాధనం ఎంత సన్నని గొంతును పట్టుకోగలదు అన్న లెక్క చెప్పే అలవాటు మనకు తక్కువ. ఆ లెక్క చెప్పకుండా ‘లేదు’ అన్న మాటను ఒప్పుకోని శాస్త్రం ఒకటుంది, అది ఖగోళశాస్త్రం. అందులో ఇటీవలి కాలంలో సాగుతున్న ఒక వెతుకులాటను వివరించి, దానివల్ల రచయితలూ విమర్శకులూ నేర్చుకోదగింది ఏమిటో చూడడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఈ వెతుకులాటకు మా ఊరితో కొంచెం సంబంధం ఉంది. నేను పనిచేసే చిట్టమూరు ఒకప్పటి నెల్లూరు జిల్లాలోది. 2022 నుంచి తిరుపతి జిల్లాలోకి వచ్చింది. పులికాట్ సరస్సుకు చేరువ. షార్ నుంచి రాకెట్టు లేచిందంటే మా బడి ఆవరణలో నిలబడి చూడవచ్చు. 2015 సెప్టెంబరు 28, సోమవారం ఉదయం పది గంటలకు పి.ఎస్.ఎల్.వి.–సి30 రాకెట్టు లేచింది. పిల్లలు బయటికి పరుగెత్తారు. ఆగ్నేయం వైపు పొగచార చూశారు. చప్పట్లు కొట్టి మళ్ళీ తరగతిలోకి వచ్చారు. “పైకి ఏం పోయింది సార్?” అని ఒకడు అడిగాడు. “ఉపగ్రహం” అన్నాను. “ఎందుకు?” అన్నాడు. తెలుగు పంతుల్ని, నా దగ్గర జవాబు లేకపోయింది.

ఆ రోజు పోయింది ఆస్ట్రోశాట్. మన దేశం ప్రత్యేకంగా ఖగోళ పరిశీలన కోసమే పంపిన మొదటి ఉపగ్రహం. దాదాపు ఒకటిన్నర టన్నుల బరువు. భూమికి 650 కిలోమీటర్ల ఎత్తున తిరిగే కక్ష్య. అందులోని పరికరాల్లో ఎక్కువ భాగం ఎక్స్-కిరణాలను చూసేవి. ఆ పిల్లవాడి ‘ఎందుకు’కు ఉన్న జవాబుల్లో ఒక్కదాన్ని మాత్రం ఇక్కడ చెబుతాను.

రేడియో మెరుపులు

2007లో డంకన్ లోరిమర్ అనే శాస్త్రవేత్తా, ఆయన విద్యార్థి డేవిడ్ నార్కెవిచ్, మరికొందరు కలిసి ఒక విచిత్రాన్ని ప్రకటించారు. ఆస్ట్రేలియాలోని పార్క్స్ రేడియో దూరదర్శిని 2001లో నమోదు చేసి పెట్టిన పాత రికార్డులను తిరగేస్తుండగా, అయిదు మిల్లీసెకన్లకు మించని ఒక తీవ్రమైన రేడియో మెరుపు వారికి దొరికింది. మిల్లీసెకను అంటే సెకనులో వెయ్యోవంతు. కనురెప్ప వాల్చడానికి పట్టే కాలం అంతకు ఎన్నో రెట్లు ఎక్కువ. ఆ మెరుపు మన పాలపుంతలోది కాదనీ, ఎంతో దూరపు గెలాక్సీ నుంచి వచ్చిందనీ వారు లెక్క కట్టారు. ఇలాంటివాటికి ‘ఫాస్ట్ రేడియో బరస్టులు’ అని పేరు స్థిరపడింది. మనం రేడియో మెరుపులు అనుకుందాం.

దూరాన్ని ఎలా లెక్క కట్టారు? బడి వదిలినప్పుడు పిల్లల్ని చూడండి. గంట కొట్టగానే అందరూ ఒక్కసారే గేటు దాటుతారు. దారి మెట్టగా ఉంటే దాదాపు కలిసే ఊరు చేరతారు. మధ్యలో బురదచేను ఉంటే మాత్రం కాళ్ళు పొడుగున్నవాళ్ళు ముందు, చిన్నవాళ్ళు బాగా వెనక. మొదటివాడికీ చివరివాడికీ మధ్య ఎడం చూసి, ఊరి మొగదలలో నిలబడినవాడు బురద ఎంత దూరం ఉందో చెప్పవచ్చు. అంతరిక్షంలో అక్కడక్కడా చెదిరివున్న ఎలక్ట్రానులే ఆ బురద. హెచ్చు పౌనఃపున్యపు రేడియో తరంగాలు ముందు వస్తాయి. తక్కువ పౌనఃపున్యపువి ఆలస్యంగా వస్తాయి. ఆ ఎడం ఎంత ఎక్కువైతే దారిలో ఎలక్ట్రానులు అంత ఎక్కువ. సాధారణంగా దూరం కూడా అంత ఎక్కువ.

ఈ ప్రకటనను అందరూ వెంటనే నమ్మలేదు. నమ్మకపోవడానికి కారణమూ ఉంది. అదే పార్క్స్ దూరదర్శినిలో ఇంచుమించు ఇలాంటివే మరికొన్ని సంకేతాలు వస్తుండేవి. అవి భూమి మీద పుట్టినవేనని అనుమానం. 2015లో వాటి గుట్టు బయటపడింది. ఆ కేంద్రంలో వాడే మైక్రోవేవ్ పొయ్యి ఆగకముందే ఎవరో తలుపు తెరిచినప్పుడు వెలువడిన తరంగాలవి! లోరిమర్ చూపిన మెరుపు మాత్రం ఆ పరీక్షకు నిలిచింది. తమ వంటింటిని కూడా అనుమానించి, ఆ అనుమానాన్ని అచ్చువేసి ప్రకటించిన ఈ నిజాయితీని గమనించాలి. పురాణాల్లో ఆకాశవాణి పలికితే ఎవరు పలికారని ఎవరూ అడగరు, పలికినదాన్ని నమ్మడమే. శాస్త్రం ఆకాశవాణిని కూడా ఊరూ పేరూ అడుగుతుంది.

అప్పటినుంచి ఇలాంటి మెరుపులు వందల్లో దొరికాయి. కెనడాలోని చైమ్ దూరదర్శిని 2021లో ప్రకటించిన మొదటి పట్టికలోనే 536 మెరుపులున్నాయి. వాటిలో ఎక్కువభాగం ఒక్కసారి మెరిసి మళ్ళీ కనబడనివి. కొన్ని మాత్రం ఉన్నచోటనే మళ్ళీ మళ్ళీ మెరుస్తాయి. అమెరికా అధీనంలోని ప్యూర్టోరికోలో ఆరెసిబో దూరదర్శిని 2012 నవంబరు 2న పట్టుకున్న మెరుపు అలా పునరావృతమవుతున్నట్టు 2016లో ప్రకటించారు. అది సుమారు 300 కోట్ల కాంతి సంవత్సరాల దూరాన ఒక మరుగుజ్జు గెలాక్సీలో ఉన్నట్టు 2017లో తేలింది. 2018లో కనుగొన్న మరొకదానికి ఒక లయ కూడా ఉంది: 16 రోజుల పైచిలుకు కాలానికి ఒకసారి కొద్దిరోజులు చురుకుగా ఉంటుంది, తక్కిన రోజులు మౌనం. అది దాదాపు 50 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. మహారాష్ట్రలో ఖోడద్ దగ్గరున్న మన జి.ఎం.ఆర్.టి. దూరదర్శిని దాని నుంచి 15 మెరుపులను పట్టుకున్నట్టు 2020లో ప్రకటించింది.

ఎక్స్-కిరణాలు ఎందుకు?

మెరుపు తెలిసింది, మెరిపించింది ఎవరు? రేడియో తరంగం ఒక్కటే దీనికి జవాబు చెప్పదు. తలుపవతల ఎవరో కేక పెట్టారు, మనిషి కనబడలేదు. కేకతోపాటు అడుగుల చప్పుడు కూడా వినబడితే మనిషిని పోల్చుకోవడం సులువవుతుంది. శాస్త్రజ్ఞులు వెతికే అడుగుల చప్పుడు ఎక్స్-కిరణాలు. రేడియో మెరుపుతోపాటే ఎక్స్-కిరణాల మెరుపు కూడా వస్తుందా అన్నది ప్రశ్న. ఆ రెండోదాన్ని ‘జోడు’ అనుకుందాం.

జోడు ఉండవచ్చునని అనుకోవడానికి కారణం మాగ్నెటార్లు. భారీ నక్షత్రం పేలిపోయాక మిగిలే న్యూట్రాన్ తారల్లో ఇవొక రకం. సూర్యుడిని మించిన ద్రవ్యరాశి ఇరవై, పాతిక కిలోమీటర్ల గోళంలో ఇమిడి ఉంటుంది. వాటి అయస్కాంత క్షేత్రం భూమి క్షేత్రానికి కోటి కోట్ల రెట్లను మించగలదు. ఆ క్షేత్రం మెలికలు తిరిగి తెగినప్పుడు ఎక్స్-కిరణాలు ఒక్కసారిగా వెలువడతాయి. ఇది మన పాలపుంతలోని మాగ్నెటార్లలో ఎన్నోసార్లు చూసిన సంగతే. రేడియో మెరుపులు కూడా వాటి పనే అయితే, రెండూ కలిసి రావాలి కదా?

ఇక్కడ ఒక చిక్కుంది. రేడియో తరంగాలు నేలదాకా వస్తాయి. ఎక్స్-కిరణాలు రావు. మన తలమీది గాలి అంతా కలిసి పది మీటర్ల మందం నీటికి సమానమైన తెర. అది వాటిని మింగేస్తుంది. నేలమీద ఎంత పెద్ద పరికరం పెట్టి, ఎన్నేళ్ళు చూసినా నక్షత్రాల నుంచి వచ్చే ఎక్స్-కిరణం ఒక్కటీ కనబడదు. తెర దాటి పైకి పోవాలి. అందుకే 1960ల చివరి నుంచి మనవాళ్ళు హైదరాబాదు నుంచి పెద్దపెద్ద బెలూన్లలో పరికరాలను ఎగరవేశారు. 1975 ఏప్రిల్ 19న సోవియట్ గడ్డమీద నుంచి ఎగిరిన మన తొలి ఉపగ్రహం ఆర్యభటలో కూడా ఎక్స్-కిరణ పరికరం ఉంది. విద్యుత్ సరఫరా దెబ్బతిని కొద్దిరోజులకే ఆ ప్రయోగాలు ఆగిపోయాయి. నలభై ఏళ్ళ తర్వాత మా పిల్లలు చప్పట్లు కొట్టిన ఆస్ట్రోశాట్ ఆ వరుసలోదే.

వెతుకులాట

మళ్ళీ మళ్ళీ మెరిసేవాటితో ఒక సదుపాయం ఉంది: దూరదర్శినిని ముందుగానే అటు తిప్పి కాచుకోవచ్చు. ఆరెసిబో మెరుపు స్థానాన్ని అలాగే కాచారు. నేలమీద రేడియో దూరదర్శినులు, పైన చంద్ర, ఎక్స్.ఎం.ఎం.–న్యూటన్ అనే ఎక్స్-కిరణ ఉపగ్రహాలు ఒకేసారి అటు చూశాయి. రేడియోలో మెరుపులు వచ్చాయి. ఎక్స్-కిరణాల్లో ఏమీ కనబడలేదు. 16 రోజుల లయ ఉన్నదాన్నీ అలాగే చూశారు. అక్కడా అంతే.

ఆస్ట్రోశాట్ మరో పద్ధతిలో పనిచేసింది. దానిలోని సి.జెడ్.టి.ఐ. అనే పరికరం ఒక దిక్కుకే గురిపెట్టినా, హెచ్చుశక్తి ఎక్స్-కిరణాలు పక్కల నుంచి కూడా దానిలోకి చొచ్చుకురాగలవు. అందువల్ల దాదాపు 70 శాతం ఆకాశంమీద దానికి ఎప్పుడూ ఒక కన్ను ఉంటుంది. ఆకాశ్ అనుమర్లపూడి, బొంబాయి ఐ.ఐ.టి.కి చెందిన వరుణ్ భలేరావు, వారి సహచరులు 2020లో ఒక పరిశోధన ప్రకటించారు. ప్రపంచంలో వివిధ దూరదర్శినులు పట్టుకున్న 41 రేడియో మెరుపులను తీసుకుని, అవి వచ్చిన క్షణాల్లో ఆస్ట్రోశాట్ రికార్డుల్లో ఏముందో జల్లెడ పట్టారు. రేడియో తరంగం దారిలో ‘బురద’వల్ల వెనకబడుతుందని చెప్పాను కదా, ఎక్స్-కిరణాలకు ఆ జాప్యం లేదు. కనుక ఆ ఆలస్యాన్ని లెక్కించి తీసివేసి చూడాలి. అలా చూశారు. 41లో ఒక్కదానికీ జోడు కనబడలేదు.

మనలో ఒకడు ఈ పత్రం రాసి ఉంటే “రేడియో మెరుపులకు ఎక్స్-కిరణాల జోడు లేదు” అని ముగించేవాడు. వారు అలా ముగించలేదు. వారి ముగింపు ఇది: 20 నుంచి 200 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి పరిధిలో, ఈ పరికరానికి ఉన్న చూపుతో చూస్తే, ఆయా మెరుపుల్లో ఎక్స్-కిరణాల శక్తి రేడియో శక్తికి పది కోట్ల రెట్లకో, వెయ్యి కోట్ల రెట్లకో మించి ఉండడానికి వీల్లేదు. మెరుపును బట్టి ఆ హద్దు మారుతుంది. అంతకు తక్కువగా ఉంటే మాకు కనబడదు. దీన్ని గరిష్ఠ పరిమితి అంటారు. వెతికి దొరకనప్పుడు కూడా ఖాళీ చేతులతో తిరిగిరాకుండా, ‘ఇంతకంటె పెద్దది మాత్రం అక్కడ లేదు’ అన్న ఒక కొలతను తెచ్చుకోవడమన్నమాట.

2020 ఏప్రిల్ 28

ఆ జాగ్రత్త ఎంత అవసరమో అదే సంవత్సరం రుజువైంది. కరోనా లాక్‌డౌన్‌లో మన బళ్ళన్నీ మూతపడివున్న రోజులవి. 2020 ఏప్రిల్ 28న మన పాలపుంతలోనే, సుమారు 30 వేల కాంతి సంవత్సరాల దూరంలోని ఒక మాగ్నెటార్ నుంచి తీవ్రమైన రేడియో మెరుపు వచ్చింది. ఆ మాగ్నెటార్ పేరు ఎస్.జి.ఆర్. 1935+2154. కెనడాలో చైమ్, అమెరికాలో స్టేర్-2 అనే చిన్న పరికరాలు దాన్ని పట్టుకున్నాయి. అదే సమయంలో చైనా, రష్యా, ఐరోపా, ఇటలీలకు చెందిన పరికరాలు నాలుగు ఎక్స్-కిరణాల మెరుపును నమోదు చేశాయి. రేడియో కబురు చైమ్‌కు ఎక్స్-కిరణాలకంటె ఎనిమిది సెకన్లకు పైగా ఆలస్యంగా అందింది. బురద లెక్క తీసివేస్తే రెండూ ఒకే సంఘటన. రేడియోలో సుమారు 30 మిల్లీసెకన్ల ఎడంతో రెండు శిఖరాలున్నాయి. చైనా ఉపగ్రహం చూసిన ఎక్స్-కిరణాల్లో కూడా అంతే ఎడంతో రెండు శిఖరాలు. జోడు దొరికింది.

ఇప్పుడు వెనక్కి తిరిగి ఆ 41 మెరుపుల లెక్కను చూడండి. ఈ మాగ్నెటార్ మెరుపులో ఎక్స్-కిరణాల శక్తి రేడియో శక్తికి పదివేల రెట్లకూ లక్ష రెట్లకూ మధ్య ఉంది. ఆస్ట్రోశాట్ పత్రం గీసిన గీత పది కోట్ల రెట్ల దగ్గర మొదలవుతుంది. అంటే ఆ 41 మెరుపుల్లో ప్రతిదానికీ ఇలాంటి జోడే ఉన్నా, అది వారికి కనబడే అవకాశం లేదు. దూరం చేసే పని అది. ఈ మాగ్నెటార్‌నే తీసుకుపోయి 50 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో పెడితే, దాని ఎక్స్-కిరణాలు మనకు పాతిక కోట్ల రెట్లకు పైగా మందగించి చేరతాయి. ‘జోడు లేదు’ అని ఆ శాస్త్రజ్ఞులు రాసివుంటే ఈపాటికి దిద్దుకోవలసివచ్చేది. ‘ఇంతవరకు మాకు కనబడలేదు’ అన్నారు గనుక ఆ పత్రంలో ఒక్క అక్షరం కూడా మార్చనక్కరలేదు.

అయితే జోడు దొరికిందని ఉత్సాహపడి, ‘ఎక్స్-కిరణాలున్నచోటల్లా రేడియో మెరుపు ఉంటుంది’ అని సూత్రం కట్టినా తప్పే. అదే మాగ్నెటార్ అదే రోజుల్లో మరో 29 సార్లు హెచ్చుశక్తి కిరణాల్లో మెరిసినప్పుడు చైనాలోని మహా రేడియో దూరదర్శిని ఫాస్ట్ దానివైపే చూస్తోంది. ఒక్కదానితోనూ రేడియో మెరుపు రాలేదు. ఒక్క ఉదాహరణతో సిద్ధాంతం చేసే మన విమర్శకులు ఈ 29ని జ్ఞాపకం పెట్టుకోవడం మంచిది.

‘కనబడలేదు’ అన్న మాట ఎటూ తేల్చని గోడమీది పిల్లివాటమని ఎవరైనా అనవచ్చు. కాదు. 2020 జనవరిలో తొలిసారి నమోదైన మరో పునరావృత మెరుపు, ఎం-81 గెలాక్సీ పక్కన, సుమారు 1 కోటి 20 లక్షల కాంతి సంవత్సరాల దూరంలో, ముసలి నక్షత్రాల గుంపులో ఉంది. ఇంత దగ్గరిది కనుక ఎక్స్-కిరణ ఉపగ్రహాలకు ఇక్కడ చూపు ఆనుతుంది. అక్కడా జోడు కనబడలేదు. కాని ఈసారి ఆ ‘కనబడలేదు’కు బరువుంది: మాగ్నెటార్లు అరుదుగా చేసే మహావిస్ఫోటాల వంటిది ఆ మెరుపులతోపాటు జరిగివుంటే తప్పక కనబడేది, కనుక అది జరగలేదని చెప్పవచ్చు. పైగా మాగ్నెటార్లు పడుచు నక్షత్రాల పేలుళ్ళలో పుడతాయని అనుకుంటుంటే, ఇది ముసలి గుంపులో ఎలా పుట్టిందన్న కొత్త ప్రశ్న లేచింది. సాధనం చూపు పెరిగినకొద్దీ ‘లేదు’ అనే హక్కు కూడా పెరుగుతుంది. హక్కు సంపాదించుకుని అనాలి, అంతే.

మన సంగతి

మన భాషలో విజ్ఞానాన్ని కొడవటిగంటి కుటుంబరావు, మహీధర నళినీమోహన్ వంటివారు సాహిత్యకారుల బాధ్యతగా తలకెత్తుకున్నారు. రేడియో మెరుపు వార్త ఇప్పుడు మన పత్రికల్లో వస్తే ‘గ్రహాంతరవాసుల సందేశమా?’ అన్న శీర్షికతో వస్తుంది. ఆ 41 మెరుపుల పత్రం శీర్షికకు పనికిరాదు. ఏమీ దొరకలేదు కనుక. ప్రజల డబ్బుతో, మా కళ్ళముందు ఎగిరిన ఉపగ్రహం చేసిన ఇంత నిజాయితీగల పని మా పిల్లలకు వారి భాషలో చేరకపోవడం శాస్త్రజ్ఞుల లోపం మాత్రమే కాదు, మన లోపం కూడా.

ఇక విమర్శ సంగతి. ఇందులో తప్పు చేసినవాణ్ణి నేనే. కొన్నేళ్ళ కిందట ఒక సదస్సులో పత్రం చదువుతూ, “మన తీరప్రాంత సాహిత్యంలో యానాదుల స్వరం లేదు” అన్నాను. శ్రీహరికోట దీవి యానాదుల నివాసం. రాకెట్ కేంద్రం కోసం దీవిని తీసుకున్నప్పుడు వాళ్ళు తమ చోట్లు వదిలి కదలవలసివచ్చింది. 1971 అక్టోబరులో అక్కడి నుంచి మొదటి రాకెట్టు ఎగిరింది. ఇంత జరిగితే సాహిత్యంలో వాళ్ళ స్వరం లేదే అన్న బాధతోనే అన్నాను. చప్పట్లు కొట్టారు. తర్వాత ఒక విద్యార్థిని లేచి, “ఎక్కడ వెతికారు సార్?” అని అడిగింది.

నేను వెతికింది అచ్చయిన నవలల్లో, కథాసంపుటాల్లో, పాత పత్రికల్లో. వెన్నెలకంటి రాఘవయ్య గారు యానాదుల మధ్య పనిచేసి వారి గురించి పుస్తకం రాశారు. కేశవరెడ్డి ‘చివరి గుడిసె’లో వారి జీవితం ఉంది. కాని అవి వారి గురించి ఇతరులు రాసినవి. చదువుకు దూరంగా ఉంచిన జనం స్వరాన్ని అచ్చు పుస్తకంలో వెతకడం, నేలమీద నిలబడి నక్షత్రాల ఎక్స్-కిరణాల కోసం చూడడం లాంటిదే. మధ్యనున్న తెర మింగేస్తుంది. నేను తెర దాటి వెళ్ళలేదు. సరస్సు ఒడ్డున చేపలు పట్టే చోట, రొయ్యల గుంటల దగ్గర, చావుకీ పెళ్ళికీ వాళ్ళు పాడుకునే చోట ఒక్క సాయంత్రం కూడా కూచోలేదు. నేను రాయవలసిన వాక్యం ఇది: ‘నేను చూసిన అచ్చు పుస్తకాల్లో యానాదులు తమంత తాముగా మాట్లాడిన రచన నాకు కనబడలేదు.’ ఈ వాక్యానికి చప్పట్లు రావు. కాని దీని తర్వాత వెతకవలసిన చోటు మిగిలివుంటుంది. ‘లేదు’ అన్న వాక్యం ఆ చోటును మూసేస్తుంది. వాళ్ళను దీవినుంచి ఒకసారి కదిలిస్తే, సాహిత్య చరిత్రనుంచి నేను రెండోసారి కదిలించినట్టవుతుంది.

విద్యార్థులకు నా మనవి ఒక్కటే. మీ సిద్ధాంత గ్రంథంలో ‘లేదు’ అని రాసిన ప్రతిచోటా ఆగండి. ఎక్కడ వెతికారో, ఏ కాలంలో వెతికారో, మీ సాధనానికి ఎంత సన్నని గొంతు అందుతుందో పక్కన రాయండి. అప్పటికీ లేదని తేలితే, ఎం-81 దగ్గర తేల్చినట్టు, ధైర్యంగా లేదనండి. ఆ విద్యార్థిని అడిగిన ప్రశ్నకు జవాబు కోసం నేను ఈ మధ్య ఆదివారాలు సరస్సు ఒడ్డుకు వెళుతున్నాను. చేతిలో ఒక నోటు పుస్తకం, మా బడిలోనే చదువుకున్న ఒక యానాది కుర్రవాడి తోడు. ఇంతవరకు పదకొండు పాటలు రాసుకున్నాను.